చేతులు పైకెత్తి నిలబడు

నేను ఇంట్లనే మిషిన్ పెట్టుకొని బట్టలు కుడుత. గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్ మాది. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల డంపర్ నడుపుతడు. ఇరువై ఏండ్ల సంది ఎంతమంది ఆడోళ్ల మెడకు టేపు చుట్టిన్నో నాకే తెల్వదు. ఎవలి మెడ సన్నం, ఎవలిది పొట్టి, ఎవలికి ఎడమ భుజం జర కిందికి జారి ఉంటది, అన్నీ నా చేతులకు ఎరుకే. గని నా మెడ సంగతి మాత్రం పక్కింటామె చెప్తెనే తెలిసింది.

ఆమెను నేను అక్క అన్నట్టు ఆపా అంట. ఆమె భర్త లారీల మెకానిక్. ఒకనాడు బిడ్డకు సల్వార్ కొలతలిచ్చేతందుకు వచ్చి నా ముంగట కూసున్నది. ఎండకాలం. నేను చెంబెత్తి గటగట నీళ్లు తాగుతున్న. ఆపా నా దిక్కే చూస్తున్నది.

"ఏ, జర ఆగు. ఇంకో గుటక తాగు" అన్నది.

"ఎందుకు ఆపా?"

"తాగు అంటున్న గద. అగో! నీ గొంతుల ఏదో ఉన్నది. నువ్వు మింగితే పైకి పోతుంది, మళ్ల కిందికొస్తుంది. క్యా హై యే?"

లేచి అద్దం ముంగట నిలబడ్డ. చెంబు చేతులనే ఉన్నది. తల వెనుకకు వంచి ఒక గుటక మింగిన. నిజమే. గొంతు కింద, కుడి దిక్కు, చర్మం కింద గుండ్రంగ ఏదో లేచి మళ్ల కూసున్నది. ఇంకో గుటక తాగిన. మళ్ల లేచింది. చెంబు ఖాళీ అయ్యేదాక అట్లనే తాగిన. ఆపా భయపడ్డది గని నాకు భయం కాలె. చిన్నప్పటి సంది నా బుద్ధే గంత. రేడియో పాడైతే మా నాయిన మెకానిక్ దగ్గరికి తీస్కపోయే లోపల నేను వెనుక మూత ఇప్పి చూసేదాన్ని. ఇప్పుడు నా లోపలనే ఏదో తయారైంది. అదేందో చూడాలె అనిపిచ్చింది.

ప్రతి ఆయితారం పొద్దుగాల టేపు చుట్టి చూసుడు మొదలుపెట్టిన. ఒకటే జాగల చుట్టాలని, మెడ మీదున్న పుట్టుమచ్చను గుర్తు పెట్టుకున్న. కొలతను క్యాలెండర్ల ఆ తారీఖు కిందనే రాసేదాన్ని. మొదట పదమూడుంబావు ఇంచులు. నాలుగు నెలలకు పదమూడున్నర దాటింది. మా ఆయన క్యాలెండర్ చూసి, "ఇదెవలి కొలత?" అని అడిగితే, "ఒక గిరాకీది" అన్న. అబద్ధం చెప్పిన అని నాకు ఎరుకే. చెప్తే దవాఖాన అంటడు, దవాఖాన అంటే ఆపరేషన్ అంటరు. లోపల ఏమున్నదో తెలుసుకోవాలని ఎంత ఆశనో, ఆ ఒక్క మాట ఇనుడంటె అంత భయం.

కాలనీ బయట ఒక డాక్టర్ సాబ్ ఉండేటోడు. పెద్ద చదువేం కాదు, గని సూది నొప్పి తెల్వకుంట ఇస్తడని పేరు. ఆపరేషన్ మాటెత్తడని ఆయన కాడికి పోతే, కుర్చీల నుంచి లేవకుంటనే చూసి, "థైరాయిడే. ఈ గోలీలు రోజొకటి వేసుకో, ఆర్నెల్లల్ల కరిగిపోతది" అన్నడు.

"రక్తం చూడరా సార్?"

"చూసుడెందుకు? కండ్లకు కనవడుతలేదా?"

నాకు ఆ జవాబు నచ్చలె. అయినా గోలీలు తెచ్చుకున్న. అదే టైంల కమాన్‌పూర్ నుంచి జాకెట్లు కుట్టిచ్చుకోను వచ్చే ఒక అవ్వ, "సున్నం, పసుపు కలిపి రుద్దు బిడ్డా, దెబ్బకు గుంజుకుంటది" అన్నది. అది గూడ చేసిన. గడ్డ గుంజుకోలేదు గని తోలు కాలి, వారం రోజులు మెడకు చీర కొంగు తాకినా మంటే.

గోలీలు మొదలుపెట్టిన రెండో నెలల నాకు అలవాటు లేని సంగతులు జరగవట్టినయ్. కూసున్న కాడనే గుండె దడదడ కొట్టుకునేది. చేతులు వణికి సూదిల దారం ఎక్కకపోతుండె. సూదిల దారం ఎక్కియ్యను ఎన్నడు కండ్లద్దాలు గూడ పెట్టుకోని దాన్ని, ఆపా బిడ్డను పిలిచి ఎక్కిచ్చుకున్న. టేపు మాత్రం ఒక్క నూలు గూడ తగ్గలె. ఇగ నాకే అనుమానమొచ్చి గోలీలు బంద్ పెట్టిన. దడ మెల్లగ తగ్గింది. గడ్డ గడ్డ తీరుగనే ఉన్నది.

అటెనుక జరిగిందే అసలు సంగతి. ఒక పొద్దు దండెం మీద బట్టలు ఆరేస్తున్న. మా దండెం జర ఎత్తు. రెండు చేతులు పైకెత్తి దుప్పటి సదురుతుంటే మొఖమంత బిగుసుకపోయినట్టు అనిపిచ్చింది. చెవులు గుయ్యిమన్నయ్. కండ్లు బయటికి ఉబికొస్తున్నట్టు. చేతులు దించంగనే పోయింది. ఎండకు అనుకున్న. మళ్ల రెండు రోజులకు షెల్ఫ్ మీద నుంచి బట్టల మూట తియ్యబోతే అదే. ఇది ఎండ కాదు అనుకున్న.

అద్దం ముంగటికి పోయి, చేతులు పైకెత్తి నిలబడి, మనసుల ఒకటి, రెండు, మూడు అనుకుంట లెక్కవెట్టిన. ముప్పై దాటంగ బుగ్గలు ఎర్రవడ్డయ్. నలభై దాటంగ మొఖం ఉబ్బి, కందిపోయి, అద్దంల నన్ను నేనే గుర్తువట్టలేకపోయిన. మెడ మీద నరాలు తాళ్ల లెక్క తేలినయ్. చేతులు దించిన. మెల్లగ మామూలైంది. నా పెయ్యి ఇట్ల గూడ చేస్తదా అని నాకు వింతగ అనిపిచ్చింది. మరునాడు మళ్ల చేసిన. మళ్ల అట్లనే.

మూడోనాడు చేస్తుంటే, ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన వాకిట్ల నిలబడి చూసిండు.

"ఏందది? ఏం చేస్తున్నవ్?"

అంత చెప్పిన. ఆపా చూసింది, క్యాలెండర్, గోలీలు, సున్నం, అన్నీ. ఆయన టిఫిన్ డబ్బ కింద పెట్టి నా మొఖం దిక్కు చూసిండు. కోపానికొస్తడు అనుకున్న. కోపానికి రాలె. గొంతు తగ్గించి, "మొఖం నల్లవడుతుంటే అద్దంల తమాషా చూసుకుంట నిలబడ్డవా? రేపు నాకు సెకండ్ షిఫ్టు. పొద్దుగాలనే దవాఖానకు పోదాం" అన్నడు.

కంపెనీ దవాఖానల చూసిన డాక్టరమ్మ నడి వయసు మనిషి, మాట నెమ్మది. ముందు నా వెనుక నిలబడి, రెండు చేతుల వేండ్లతోని గొంతు మీద మెత్తగ ఒత్తుకుంట నీళ్లు మింగుమన్నది. నేను తిన్న గోలీల అట్ట చూసి, "రక్తం చూడకుంటనే ఇచ్చిన్రా?" అని అడిగింది. అవునన్న. తిట్టలె. రాసుకున్నది. అప్పుడు చేతుల సంగతి చెప్పిన. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఇప్పుడు చెయ్యి. చేతులు పైకెత్తి నిలబడు. మోచేతులు చెవులకు తాకాలె."

నిలబడ్డ. ఆమె నా మొఖం చూసింది, గడియారం చూసింది, మళ్ల మొఖం చూసింది. మా ఆయన గోడకానుకొని ఉన్నడు. నిమిషం కాకముందే, "చాలు, దించు, కూసో" అని నా చెయ్యి వట్టి కుర్చీల కూసోవెట్టింది.

"పైకి కనవడేది సగమే" అన్నది. "మిగిలింది ఛాతి ఎముక వెనుకకు దిగినట్టున్నది. నువ్వు చేతులెత్తితే అక్కడ సందు ఇరుకైతది. మొఖం నుంచి కిందికి దిగే రక్తం ఆగుతది. ఇది మేం పరీక్షకని చేపిస్తం. నువ్వే చేసి చూసుకొని వచ్చినవ్. ఇట్ల వచ్చినోళ్లను నేను చూడలె."

గోలీలు బంద్ పెట్టి రెండు నెలలు దాటింది గనుక రక్తం అప్పుడే తీసుకున్నరు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ నార్మల్ అని ఉన్నది. నాకు అర్థం కాలె.

"మేడం, ఇంత గడ్డ ఉంటే నార్మల్ ఎట్ల?"

ఆమె మా ఆయన దిక్కు తిరిగి, "మీరు గనిల చేస్తరు గద" అన్నది. "గని పెద్దగైనంత మాత్రాన బొగ్గు ఎక్కువ వస్తదా? ఎంత తీస్తే అంతే వస్తది. ఈ గ్రంథి ఉబ్బింది, లోపల గడ్డలు గట్టింది. అయితే పని మాత్రం సరిగ్గ ఎంత చెయ్యాల్నో అంతే చేస్తుంది. దానికి పైనుంచి మళ్ల గోలీ వేస్తే పెయ్యికి ఎక్కువైంది. అందుకే దడ."

మా ఆయన తల ఊపిండు. ఆయనకు నాకంటే ముందే సమజైంది.

స్కానింగుల ఆ నల్ల తెర మీద నా గొంతు చూసిన. బూడిద రంగు మబ్బుల తీరుగ ఉన్నది. ఇదేంది, అదేంది అని అడిగిన కొద్ది స్కానింగ్ చేసేటాయన ఓపికగ చూపెట్టిండు. నడుమ ఉండాల్సిన గాలి గొట్టం ఒక పక్కకు జరిగి ఉన్నది. దాన్ని చూసినంక నాకు మొదటిసారి భయమైంది. అటెనుక సన్న సూదితోని గడ్డల నుంచి ఇంత నీరు తీసి పరీక్షకు పంపిన్రు. క్యాన్సర్ లేదని వచ్చింది. అయినా గాలి గొట్టాన్ని ఒత్తుతుంది గనుక తీసెయ్యాలె, హైదరాబాద్‌కు రాసిస్త అన్నది డాక్టరమ్మ. రాసుకుంట రాసుకుంటనే ఒక మాట అడిగింది.

"మీ ఇంట్ల ఇంకెవలికన్న ఉన్నదా ఇట్ల? అమ్మకు?"

మా అమ్మ పోయి చానా ఏండ్లయింది. ఆమె మెడ యాది చేసుకుందామంటె పుస్తెలతాడు ఒక్కటే యాదికొచ్చింది. కనుక్కొని చెప్త అన్న.

ఆ ప్రశ్న నన్ను పట్టుకున్నది. హైదరాబాద్ పోవాల్సిన తారీఖుకు ఇంక పది రోజులుండంగ, రామగుండం స్టేషన్ల రైలెక్కి బెల్లంపల్లి పోయిన. అక్కడ మా పెద్దమ్మ ఉంటది, అమ్మకు అక్క. పెద్దబాపు బొగ్గు బాయిల దిగి పనిచేసి రిటైరై, ఆమెను ఒక్కదాన్ని చేసి పోయిండు. డెబ్బై దాటినా తన పని తనే చేసుకుంటది. నాకు తెలిసినప్పటి సంది ఆమె చీర కొంగు మెడ చుట్టు తిప్పి ముంగటికి వేసుకుంటది. ఎండల గూడ అట్లనే. అది ఆమె పద్ధతి అనుకున్న గని ఎందుకని ఎన్నడు అడగలె.

చాయ్ తాగినంక అడిగిన. "పెద్దమ్మా, నీ మెడ జర చూడనియ్యి."

"నా మెడల ఏమున్నదే?"

"నాకు గొంతుల గడ్డయింది. మనింట్ల ఎవలికన్న ఉన్నదేమో అడిగి రమ్మన్నరు."

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కొంగు తీసింది. నేను నోరు తెరిచిన. నా దాని కంటే రెండింతలుంటది. ముంగట సంచి లెక్క వేలాడుతుంది.

"ఎన్నేండ్ల సంది పెద్దమ్మా?"

"మీ అన్న పుట్టినప్పటి సంది."

మా అన్నంటే ఆమె కొడుకు. ఆయనకే ఇప్పుడు నలభై ఎనిమిది.

"ఎవలికి చూపెట్టలేదా?"

"నొప్పి లేదు గదనే. నొప్పి లేందానికి దవాఖానకు పోయి ఏమని చెప్తరు? మీ అమ్మమ్మకు గూడ ఉండె. మేం అక్కచెల్లెండ్లం దానికి కోడిగుడ్డు అని పేరు పెట్టినం. అమ్మ తానం చేస్తుంటే నీ కోడిగుడ్డు చూపెట్టమని నవ్వేటోళ్లం. మరి నాకే అయినంక నవ్వు రాలె."

"ముట్టుకోనా?"

"ముట్టు."

ముట్టి చూసిన. కలిపిన గోధుమపిండి లెక్క మెత్తగున్నది. నాది జామకాయ తీరుగ గట్టి. నీది చూడనియ్యి అని ఆమె నా గొంతు ముట్టి చూసింది. ఇద్దరం ఒకరి మెడ ఒకరం వట్టుకొని కూసున్నం. నేను ఆమెను చేతులు పైకెత్తుమన్న. నిమిషం దాటింది, రెండు నిమిషాలైంది. ఆమె మొఖం ఏమాత్రం మారలె. "ఎంతసేపే, భుజాలు గుంజుతున్నయ్" అని మాత్రం అన్నది. ఒక్కటే ఇంట్ల పుట్టిన ఒక్కటే రోగం నన్ను ఉక్కిరిబిక్కిరి చేసుడేంది, ఆమెను ఏమనకపోవుడేంది? ఎంత ఆలోచన చేసినా నాకు తెగలె.

నేను వచ్చేటప్పుడు ఆమె ఒక మాటన్నది. "గొంతు కోయిచ్చుకుంటే మాట పోతదంట బిడ్డా. మా వాడకట్టుల ఒకామెకు పోయింది. జర అడుగు."

హైదరాబాద్‌ల ఆపరేషన్‌కు ముందు మాట పరీక్ష చేసిన్రు. ముక్కుల నుంచి సన్నటి గొట్టం పంపి, లోపల ఉన్నది తెర మీద చూపెట్టిన్రు. ముక్కుల మంటకు కండ్లెంబడి నీళ్లు కారుతున్నయ్, అయినా తెర దిక్కే చూసిన. గొంతు అడుగున తెల్లగ రెండు పట్టీలు. ఊపిరి పీలిస్తే ఎడమైతున్నయ్. "ఈఈ అను అమ్మా" అన్నడు ఆ డాక్టర్. అన్న. రెండు వచ్చి ఒకదానికొకటి తాకి వణికినయ్.

గొట్టం తీసినంక అడిగిన. "అవేనా సార్, నా మాట?"

"అవే."

ఆపరేషన్ చేసే సర్జన్‌ను పెద్దమ్మ అడుగుమన్నది అడిగిన. ఆయన దాచిపెట్టలె. "ఆ పట్టీలను ఆడిచ్చే నరాలు రెండుంటయ్. గడ్డ వెనుకనే పోతయ్. వాటిని కాపాడుకుంట తియ్యాలె. నూటికి నూరుపాళ్లు హామీ ఇయ్యలేను, గని ఈ పని రోజు చేసేదే" అన్నడు.

"ఎంత లావుంటయ్ సార్?"

"దారమంత."

"ఏ దారం? మిషిన్ దారమా, కాజాలు కుట్టే దారమా?"

ఆయన నవ్విండు. "కాజా దారం అనుకో."

నాకు ధైర్యం వచ్చింది. కాజా దారమైతే కండ్లకు కనవడుతది. కనవడేదాన్ని తెగకుంట తప్పిచ్చుడు చేతిపని. చేతిపని చేసేటోళ్ల మీద నాకు నమ్మకమే.

మెలకువచ్చేసరికి మెడకు పట్టి, పక్కకు ఒక సన్న గొట్టం. మా ఆయన వంగి, "ఏమన్న మాట్లాడు" అన్నడు. "దూప, నీళ్లు" అన్న. మాట గాలి లెక్క వచ్చింది గని వచ్చింది. ఆయన మొఖం అటు తిప్పుకున్నడు.

తీసింది నాకు చూపెట్టాలని ముందే చెప్పి ఉంటి. అది పరీక్షకు పోయింది, అందుకని సర్జన్ మరునాడు ఫోన్ల ఫోటో చూపెట్టిండు. స్కేలు పక్కన పెట్టి తీసిన్రు. ఎర్రగ, గడ్డలు గడ్డలుగ, తవ్వి తీసిన గెనుసుగడ్డ తీరుగ ఉన్నది. కుడి దిక్కుది కింద తోకలెక్క సాగి ఉన్నది. ఛాతిలకు దిగింది అదేనట. ఏడాదిన్నర టేపుతోని కొలిచింది దీన్నేనా అని మస్తుసేపు చూసిన.

రెండోనాడు పొద్దుగూకంగ పెదవుల చుట్టు, వేలి కొనలకు చీమలు పాకినట్టయింది. సిస్టర్‌కు చెప్తే ఆమె వచ్చి నా చెవి ముంగట చెంప మీద వేలితోని టక్కున కొట్టింది. నా పై పెదవి దానంతటదే ఎగిరింది. "మళ్లొకసారి కొట్టు సిస్టర్" అన్న. ఆమె నన్ను వింతగ చూసి, "కాల్షియం తక్కువైంది అమ్మా, ఆటలు కాదు" అని సూది మందు తేను ఉరికింది. థైరాయిడ్ వెనుక శనగగింజలంత ఇంకో నాలుగు గ్రంథులుంటయట. ఆపరేషన్‌ల తాకిడికి అవి కొన్నాళ్లు సుస్తైతయట. ఇంటికొచ్చినంక నెలన్నర కాల్షియం గోలీలు మింగితే సర్దుకున్నయ్.

గొంతు మాత్రం రెండు నెలలు పీల పీలగనే ఉన్నది. గిరాకీలు ఫోన్ చేసి, "టైలరమ్మ లేదా బిడ్డా?" అని అడిగేటోళ్లు. ఆపాను గోడ మీద నుంచి పిలువలేక గిన్నె మీద గంటెతోని కొట్టేదాన్ని. మూడో నెలల ఒకనాడు పాలాయన గేటు ముంగట నుంచి ఆగకుంట పోతుంటే, "ఓ అన్నా!" అని నాకు తెల్వకుంటనే కేక వేసిన. ఆయన ఆగిండు. నేను గూడ ఆగిపోయిన.

ఇప్పుడు పొద్దుగాల లేవంగనే పరగడుపున ఒక గోలీ. అట్ట చూస్తే అదే గోలీ, కాలనీ బయటి సాబ్ ఇచ్చిందే. మోతాదు మాత్రం రక్తం చూసి రాసింది. అప్పుడు గుండె దడ పుట్టిచ్చిన మందుతోనే ఇప్పుడు బతుకుతున్న. గ్రంథే లేదు గనుక అది చేసే పని ఈ గోలీ చెయ్యాలె, బతికినన్నొద్దులు. చాయ్ మాత్రం అరగంట ఆగి తాగాలె, అదొక్కటే నాకు కష్టం.

నేను మంచిగైనంక పెద్దమ్మను మంచిర్యాలల ఒక సర్జన్ కాడికి తీస్కపోయిన. ఆమె కొంగు గట్టిగ చుట్టుకొనే కూసున్నది. ఆయన అడిగితే తలుపు దిక్కు చూసి, తీసింది. ఆమెకు గూడ రక్తం, స్కానింగ్, సూది పరీక్ష, అన్నీ చేసిన్రు. ఆమెది గూడ కోసి తీస్తరేమో అని నేను హైదరాబాద్ కాయితాలన్నీ సంచిల పెట్టుకొని పోయిన. డాక్టర్ రిపోర్టులు ముంగటేసుకొని, "అమ్మా, ఇది పెద్దగున్నది గని మెత్తగున్నది. గాలి గొట్టం తిన్నగున్నది. కిందికి దిగలేదు. క్యాన్సర్ లేదు. మింగుడు, ఊపిరి అన్నీ మంచిగున్నయ్. మీ వయసుల దీన్ని కదిలియ్యకుంటనే మంచిది. ఏడాదికోసారి చూపెట్టుకోన్రి" అన్నడు.

"ఏం మందు సార్?" అని అడిగిన నేను.

"ఏం వద్దు."

"మరి నాకు తీసేసిన్రు గద?"

"అది మిమ్మల్ని ఒత్తింది. ఇది ఆమెను ఒత్తలేదు. గడ్డ సైజు చూసి వైద్యం చెయ్యం అమ్మా, అది మనిషిని ఏం చేస్తుందో చూసి చేస్తం."

పెద్దమ్మ బయటికొచ్చి బెంచీ మీద కూసున్నది. సంబురపడుతదనుకున్న. ఆమె మొఖంల అట్లేం లేదు.

"ఏం వద్దనే మాట ఇనేతందుకు ఇన్నేండ్లు పట్టిందా?" అన్నది. "ఇది క్యాన్సరే అనుకున్ననే. ఎవలికన్న చెప్తే నిజమైతదని చెప్పలె. మీ పెద్దబాపు డ్యూటీకి పోంగనే ఒక్కదాన్ని అద్దంల చూసుకునేదాన్ని. ఇయ్యాల్నో రేపో అనుకుంట మనుమరాలి పెండ్లి గూడ చేసిన."

నేను ఆమె చెయ్యి వట్టుకున్న. జరసేపటికి ఆమెనే లేచింది. "ఆకలైతుంది. స్టేషన్ కాడ మిర్చిలు మంచిగుంటయంటరు, తిందామా?" అన్నది. ఇద్దరం తిన్నం. కారానికి ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, అయినా ఇంకో రెండు కట్టిచ్చుకున్నది.